వంత ఎవరిది?

మొన్న శ్రావణ మాసంలో రాఘవేంద్రస్వామి ఆరాధన రోజుల్లో మంత్రాలయంలో ఉన్నాను. మఠం దగ్గర భజన మండళ్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పాడుతున్నాయి. అందరూ ఆడవాళ్లే. ఒకే రంగు చీరలు, చేతుల్లో తాళాలు, ఒళ్లో నోటుపుస్తకాలు. పాడేవి కన్నడ దాసర పదాలు, రాసుకున్నది తెలుగు లిపిలో. తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా కాబట్టి ఇక్కడ ఎవరికీ అది వింతగా అనిపించదు.

ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక మండలి పాడుతుంటే నా ఫోను వాళ్ల మధ్యలో నేలమీద పెట్టి రికార్డు చేసుకున్నాను. మైకు ఒకటే. అది ముందు కూర్చున్న పెద్దక్క దగ్గరుంది. బయట స్పీకర్లలో వినపడింది ఆవిడ గొంతు ఒక్కటే. రాత్రి గదిలో ఫోను పెట్టుకుని వింటే అది వేరే పాట. ఒక ముసలామె అందరికంటే కింద స్థాయిలో, అర తాళం వెనగ్గా పాడుతోంది. ఒక చిన్నపిల్ల పై స్థాయి అందుకుని, మధ్యలో వదిలేసి, మళ్లీ పట్టుకుంటోంది. ఇంకెవరో చరణం చివర పెద్దక్క వెయ్యని చిన్న సంగతి ఒకటి తనకోసం తాను వేసుకుంటోంది. ఏకకంఠంగా పాడుతున్నారని అనుకుంటాం గానీ, ఏ కంఠమూ ఇంకో కంఠంలా లేదు.

అదే ఫోనులో మా అమ్మాయి ఎక్కించిన ఆల్బం ఒకటుంది. ‘ఐయామ్ విత్ హర్’ అనే ముగ్గురు అమెరికన్ స్త్రీల బృందం 2018లో తెచ్చిన మొదటి ఆల్బం, ‘సీ యు అరౌండ్’. ఆ రాత్రి మండలి పాట వెంటనే దాన్ని వినడం వల్లే ఈ వ్యాసం.

సారా వాట్కిన్స్, సారా జరోజ్, ఈఫా ఓడొనవన్. ముగ్గురికీ అప్పటికే విడివిడిగా పేరుంది. 2014లో కొలరాడోలోని టెల్యురైడ్ ఉత్సవంలో అనుకోకుండా కలిసి పాడారు. మరుసటేడు బృందానికి పేరు పెట్టుకున్నారు. 2016 ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్ నినాదంగా అందరి నోటా నానిన మాట అదే కావడం వాళ్లు ఊహించనిది. ఇంగ్లండ్‌లో బాత్ ఊరి దగ్గర ఒక స్టూడియోలో, చాలావరకు ముగ్గురూ ఒకేచోట కలిసి పాడుతూ వాయిస్తూ ఈ ఆల్బం రికార్డు చేశారు. డ్రమ్ములు లేవు. ఫిడేలు, మాండొలిన్, బాంజో, గిటార్లు, మూడు గొంతులు. పన్నెండు పాటల్లో ఒకటి గిలియన్ వెల్చ్‌ది. మిగతా పదకొండూ ముగ్గురూ కలిసి కూర్చుని రాసుకున్నవి.

హార్మనీ అంటే అందరూ ఒకే వరస పాడటం కాదు. ఒకరు పాట వరసని నడిపిస్తుంటే, మిగతావాళ్లు దాని పైనా కిందా వేరే స్వరాల మీద నడుస్తూ తోడుగా వెళ్తారు. కానీ ఈ ‘తోడు’ అన్నమాటని నేనంత తేలిగ్గా నమ్మను. మన బుర్రకథలో కథకుడి పేరు గుర్తుంటుంది, వంతల పేరు ఎంతమందికి గుర్తుంటుంది? కంట్రీ సంగీతం చరిత్ర నిండా ఆడవాళ్లు వంతలే. 1927లో బ్రిస్టల్ పట్నంలో కార్టర్ కుటుంబం మొదటి రికార్డింగు ఇచ్చినప్పుడు పాట నడిపిన గొంతు సారాది, గిటారు మేబెల్‌ది. తర్వాత పాటల మీద రచయితగా పడ్డ పేరు మాత్రం ఎక్కువగా సారా భర్త ఏ.పి. కార్టర్‌ది. ఆయన కొండల్లో తిరిగి పోగేసుకొచ్చిన పాటలు కూడా వాటిలో చాలా ఉన్నాయి. కంట్రీ-రాక్ హార్మనీ అనగానే ఈగల్స్ పేరు చెబుతారు. 1971లో వాళ్లు లిండా రోన్‌స్టాట్ వెనక వాయించడానికి కుదిరిన కుర్రాళ్లు. మరుసటేడే సొంత ఆల్బం వచ్చింది. అదే రోన్‌స్టాట్, డాలీ పార్టన్, ఎమిలూ హారిస్ కలిసి ఒక ఆల్బం చేద్దామని 70లలోనే అనుకుంటే, కంపెనీల ఒప్పందాలు దాటుకుని ‘ట్రయో’ బయటికొచ్చేసరికి 1987.

అందుకే ‘సీ యు అరౌండ్’లో నేను వెతుక్కుంటూ విన్నది ఒకటే, ఇందులో వంత ఎవరని. దొరకలేదు. ఒక పాటని ఒకరు మొదలుపెడితే ఇంకో పాటని ఇంకొకరు అందుకుంటారు. పై స్వరం పాడుతున్న మనిషి కిందికి దిగుతుంది, కిందున్నది పైకి వస్తుంది. ఈ దిగడంలో ఎవరూ తగ్గినట్టుండదు. మూడు గొంతులూ ఒకదాన్నొకటి వింటూ ఆగడం, ఊపిరి తీసుకోవడం తెలుస్తుంది. విడివిడిగా గదుల్లో పాడి అతికిస్తే ఇది రాదు.

అయితే నచ్చనిదీ ఉంది. ఈ పాటలు మరీ మర్యాదగా ఉంటాయి. ఎక్కడా గొంతు బొంగురుపోదు. ముగ్గురిలో ఇద్దరు బోస్టన్‌లోని ఒకే సంగీత కళాశాలలో చదివినవాళ్లు, ముగ్గురూ తెల్లవాళ్లు. సమానమైన వాళ్ల మధ్య సమానత్వం కాస్త సులువే. వాళ్లు వాయించే బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో వచ్చిన వాద్యం. ఆ సంగతి పాడటానికి 2019లో రియానన్ గిడెన్స్‌తో కలిసి మరో ముగ్గురు నల్లజాతి స్త్రీలు ‘సాంగ్స్ ఆఫ్ అవర్ నేటివ్ డాటర్స్’ చెయ్యాల్సి వచ్చింది. ఈ మాట అంటూనే నేను విన్న మండలి గుర్తొచ్చి తల దించుకున్నాను. అందులోనూ అందరూ దాదాపు ఒక కులం వాళ్లే. వేరుశనగ చేలల్లో కలుపు తీస్తూ ఒకరందిస్తే ఇంకొకరు అందుకునే పాటకి మఠం ముందు చోటు లేదు. కాయిర్ ఉన్న చర్చిల్లో మన దళిత క్రైస్తవ స్త్రీలు సొప్రానో, ఆల్టో విడదీసి పాడుతున్నారు. రాయలసీమకి హార్మనీ కొత్తేమీ కాదు, ఈ వీధికే కొత్త.

పాట ఎవరిదన్న ప్రశ్న కూడా ఈ వీధిలో ఉన్నదే. ఆ సాయంత్రం పాడినవాటిలో హెళవనకట్టె గిరియమ్మ పదం ఒకటుంది, హరపనహళ్లి భీమవ్వది ఒకటి. 18, 19 శతాబ్దాల స్త్రీలు. పురందరదాసు ముద్ర ‘పురందర విఠల’లో ఆయన పేరు వెలుగుతూనే ఉంటుంది. గిరియమ్మ ముద్ర ‘హెళవనకట్టె రంగ’లో ఊరుంది, దేవుడున్నాడు, ఆమె లేదు. భీమవ్వ కాస్త తెలివిగా ‘భీమేశకృష్ణ’ అని తన పేరుని దేవుడి పేరులో దాచుకుందేమో అనిపిస్తుంది నాకు. ఈ పదం రాసింది ఆడమనిషని తెలుసా అని మండలిలో ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. “దాసర పదమే గదమ్మా” అన్నారు.

మర్నాడు పొద్దున నదివైపు మెట్ల దగ్గర వాళ్లు మళ్లీ కనిపించారు. మండలి పేరుతో మొదటిసారి పాటలు రికార్డు చేయించబోతున్నారట. స్టూడియో అతను పెద్దక్కతో పాటు మంచి గొంతులున్న ఇద్దరు చాలన్నాడట. మిగతావాళ్లు ఫొటోలో ఉంటారు. పదేళ్లుగా వారం వారం కలిసి పాడుతున్న ఇరవైమందిలో పదిహేడుమంది తమ పాటలో తాము ఉండరు. అందరూ చుట్టూ కూర్చుని, మధ్యలో ఒక మైకు పెట్టి, తప్పులతో సహా ఒకేసారి పాడమని చెప్పాను. ఫోనులో ఉన్నది వినిపించాను.

పెద్దక్క శ్రద్ధగా విని, “బాగుంది గానీ, మా అత్త ఎనకబడతాంది చూడమ్మా. అది తీసేయనీకి వస్తుందా?” అంది.

ఆ అత్త పక్కనే ఉంది. ఫోను చెవి దగ్గరికి లాక్కుంది. “ఇది నా గొంతేనా?” అని, ఇంకోసారి పెట్టమంది.