తెనుఁగు బైబిలులో మాతాపితృ గౌరవము : ఒక పదవిమర్శ

బైబిలు తెనుఁగున నచ్చుపడుట మొదలై రెండు శతాబ్దులు దాఁటినది. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనరీ సంఘమువారు క్రాను, డెగ్రాంజెసు దొరలు, ఆనందరాయరను బ్రాహ్మణక్రైస్తవుని తోడ్పాటునఁ బూనిన యనువాదములో మూఁడు సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రితములైనవి. పిమ్మట పలువురు దానిని సవరించిరి, పెంచిరి. ఈ గ్రంథముయొక్క శైలిని గూర్చి పండితులు పలువిధములఁ బలికిరి. కాని శైలికంటె ముందు విచారింపవలసినది పదము. మూలపదము మోసిన యర్థమును దెనుఁగుపదము మోయుచున్నదా, లేదా? దశాజ్ఞలలో తలిదండ్రులను గూర్చిన యాజ్ఞ యిట్టి విచారమునకుఁ దగిన తావు. ఏలయన, నచ్చట పదార్థము తప్పినచో ముసలివారి కూడు తప్పును.

ఈ విచారమునకు వికారాబాదు, తాండూరు సీమ మంచి యొరగల్లు. 1874లో నేర్పడిన వాడి-సికింద్రాబాదు రైలుమార్గముననే యీ రెండూళ్లును గలవు. ఈ సీమలో మెథడిస్టు సంఘము చిరకాలముగా వేరూనియున్నది. రెండూళ్ల నడుమనున్న ధారూరులో నవంబరు మాసమున నా సంఘమువారు జరుపుకొను కూటమిని జనులు ‘జాతర’ యనియే వ్యవహరింతురు. యాత్రాశబ్దమునకు వికృతియగు నీ మాట వారి యింటిమాట. దీనివలన నొక విషయము తెల్లమగుచున్నది. జనులు పదమును దమ బ్రదుకులోని యర్థముతోడనే గ్రహింతురు గాని వ్యాఖ్యాత కోరిన యర్థముతోఁ గాదు. కావున నాజ్ఞలోని పదమును బరీక్షించుటయన, నది నేఁడు వినువారి చెవి కేమని తోఁచునో పరీక్షించుటయే.

నిర్గమకాండము ఇరువదవ యధ్యాయమున తెనుఁగు పాఠము ‘సన్మానించు’ నను క్రియను గైకొన్నది. సువార్తలలో నీ యాజ్ఞ మరలఁ బేర్కొనఁబడిన కొన్నిచోట్ల ‘ఘనపరచు’ నను క్రియ కలదు. సన్మానమనఁగా మంచి మానము, మేలైన యాదరము. అనువాదకుల కాలమున నీ పదమున లోపము లేదు. కాని పదములకును వార్ధక్యము కలదు. నేఁడు సన్మానమన్నంతనే స్ఫురించునవి శాలువ, పూలదండ, పత్రపఠనము, ఒక సాయంకాలపు సభ. సభ ముగియఁగనే సన్మానితుఁడు తన యింటికిఁ బోవును; సన్మానించినవాఁడును దన యింటికిఁ బోవును. మఱునాఁటికి వారి నడుమ ఋణశేష మేమియు నుండదు. తలిదండ్రులకును బిడ్డలకును గల సంబంధ మిట్టిది కాదు గదా.

హీబ్రూ మూలమున నచ్చటి ధాతువునకు బరువగుట ప్రథమార్థము. ఆజ్ఞలోని రూపము ‘కబ్బేద్’. తలిదండ్రులను బరువు గలవారినిగా నెంచుమని దాని తాత్పర్యము. దైవమహిమను దెలుపు ‘కాబోద్’ శబ్దమును నీ ధాతువునుండియే పుట్టినది. దీనికి ప్రతికోటిగా నా భాషలో ‘కలల్’ అను ధాతువు కలదు. తేలిక యగుట దాని యర్థము. ఆ గ్రంథముననే తరువాతి యధ్యాయములోఁ దలిదండ్రులను శపించువానికి దండన విధించు వాక్యమున నీ రెండవ ధాతువే కనఁబడుచున్నది. అనఁగా నచ్చటి ధర్మము త్రాసువంటిది. ఒక తట్టలో బరువు, రెండవ తట్టలోఁ దేలిక. తెనుఁగున ‘సన్మానించు’, ‘శపించు’ అను పదములు చేరుటచేఁ ద్రాసు మాయమైనది; రెండు పదములకును బరస్పరసంబంధము లేకపోయినది.

ఈ త్రాసు మన భాషలో లేనిది కాదు. గురుశబ్దమునకు బరువైనదనియు, లఘుశబ్దమునకుఁ దేలికయైనదనియు నర్థము. గురుశబ్దముపై భావార్థమున నణ్ప్రత్యయము వచ్చి, ఆదివృద్ధియు, నంత్యమగు నుకారమునకు గుణమును, నవాదేశమును గలుగఁగా గౌరవ మేర్పడును. లాఘవమును నీ ప్రక్రియచేతనే సిద్ధించును. కావున ‘గౌరవించు’ అను క్రియ హీబ్రూ క్రియకు సరిగా నొప్పును. దాని ప్రతికోటికి ‘చులకన చేయు’ నను దేశ్య ముండనే యున్నది. గౌరవశబ్దమును నేఁడు వన్నె తగ్గి, పని లేని యధ్యక్షునకు ‘గౌరవాధ్యక్షుఁ’డని పేరు వచ్చినది గదా యనవచ్చును. నిజమే. అయినను గురులఘుభేదమును ఛందస్సు నేర్చిన ప్రతి బాలుఁడు నెఱుఁగును; ఒక్కమాటతో నుపాధ్యాయుఁడు మూలార్థమును మేల్కొల్పవచ్చును. సన్మానశబ్దమున నట్టి యాధారము లేదు.

బరువను మాట తలిదండ్రుల యెడఁ దగునా యని మఱియొక యాక్షేపణము. ముసలివారు బరువైరని విసుగుకొనువారి వాడుక యే యింటనైన వినఁబడును. కాని యా విసుగునకుఁ బ్రత్యుత్తరము పదముననే యున్నది. ‘భృ’ ధాతువునుండి భారమును బుట్టినది, భరణమును బుట్టినది. మోయుటయే పోషించుట. మూలగ్రంథమును నీ యర్థమునే సూచించుచున్నది. ఫరో హృదయము కఠినమయ్యెనని చెప్పుచోట నదే ధాతువు వాడఁబడినది. అతని హృదయము బరువెక్కినదని యక్షరార్థము. తలిదండ్రుల యెడ నుంచవలసిన బరువు హృదయమున కెక్కినచో నది కాఠిన్యమగును.

ఆజ్ఞకు భరణ మర్థమనుట కల్పన కాదు. మార్కు సువార్త యేడవ యధ్యాయమునఁ ‘గొర్బాను’ ప్రస్తావన కలదు. తలిదండ్రులకుఁ జెందవలసిన ధనమును దేవునకర్పితమని చెప్పి, వారి పోషణమునుండి తప్పించుకొను నాచారమును క్రీస్తు ఖండించెను. అచ్చట మాటల మర్యాదకుఁ గొఱఁత లేదు; కొఱఁత కూటికే. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక యైదవ యధ్యాయమున దిక్కులేని విధవలను గూర్చి, తలిదండ్రుల విషయమునఁ జెప్పిన గ్రీకు క్రియయే ప్రయుక్తమైనది; తెనుఁగునను ‘సన్మానించు’ నను క్రియయే కలదు. ప్రకరణమంతయు వారి పోషణమును గూర్చినదే. శాలువ యర్థముతోఁ జదివినచో నా వాక్యము హాస్యాస్పదమగును. భరణార్థముతోఁ జదివినచో ధర్మమగును. తలిదండ్రుల విధియు, దుర్బలరక్షణయు నొకే విధి యనుట కింతకంటె సాక్ష్యము వలదు.

అనువాదకుల ప్రతిభకుఁ దార్కాణ మగు పదమును గలదు. హీబ్రూలోఁ దండ్రి లేని బిడ్డను దెలుపు పదమునకు నిర్గమకాండమున వారు ‘దిక్కులేని’ యను విశేషణమును గైకొనిరి. అనాథశబ్దమున నాథుఁడు లేఁడని మాత్రము తెలియును. దిక్కన్ననో, శరణమును, పోవలసిన మార్గమును గూడఁ దెలియును. ఇట్టి చెవి గలవారు తలిదండ్రుల యాజ్ఞకును దేశీయమగు బరువును వెదకియుండినచో నెంత బాగుండెడిది!

శ్రుతిసమన్వయ మిచ్చట స్మరింపఁదగినది. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో విద్య ముగించిన శిష్యునకు దేవతాభావముతోఁ జూడుమని యుపదేశింపఁబడినవారు వరుసగాఁ దల్లి, తండ్రి, ఆచార్యుఁడు, అతిథి. లేవీయకాండము పందొమ్మిదవ యధ్యాయమునను దల్లియే ముందు, తరువాతఁ దండ్రి, చివర నెరసిన తలగలవారును, బరదేశియు. రెండును నింటిలో మొదలై వాకిలి దాఁటుచున్నవి.

నేఁటి శాసనమును భరణార్థమునే గైకొన్నది. 2007 నాఁటి తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము అన్నము, వస్త్రము, నివాసము, వైద్యము పోషణమని నిర్వచించి, డివిజను స్థాయి యధికారి యధ్యక్షుఁడుగా న్యాయాధికరణము నేర్పఱచినది. 2016లో నేర్పడిన వికారాబాదు జిల్లాకు వికారాబాదు, తాండూరు రెండు రెవెన్యూ డివిజనులు. బిడ్డలు విడిచిన తల్లి యచ్చటి కేఁగి యడుగునది సన్మానము కాదు.

ఈ సీమవారి నోట ‘సాదుట’ యను క్రియ కలదు. పసిబిడ్డను బెంచుటయు సాదుటయే, ముసలితల్లిని బోషించుటయు సాదుటయే. తల్లి మోసిన బరువును బిడ్డ మరల మోయుట యా యొక్క క్రియలో నిమిడియున్నది. అచ్చుపడిన పాఠమును మార్చుట సంఘములవారి పని. పాఠము చెప్పునపు డీ క్రియతో నర్థము విప్పుట యుపాధ్యాయులకు సాధ్యమైన పని. వైయాకరణులకు మాటలో లాఘవము గుణము. తలిదండ్రుల యెడ లాఘవము గుణము గానేరదు.