యంత్రం ఏ తీర్పులు చదివింది?

లాయర్లకు కృత్రిమ మేధ వాడటం రావాలంటున్నారు. రావాల్సిందే. కానీ అది చదివి నేర్చుకున్నది పాత తీర్పుల్నే గదా! 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు దళిత సాక్షుల్ని నమ్మి 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నమ్మక అందర్నీ వదిలేసింది. జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

యంత్రం విడుదల తీర్పును ముందుపెట్టి స్టే సంగతి చెప్పకపోతే? రేపు జగ్గయ్యపేట పక్కన గరికపాడులో ఓ మాదిగ కూలీ అట్రాసిటీ కేసు పెడితే, ఆ అపనమ్మకమే అతని మెడకూ చుట్టుకుంటుంది. మీట నొక్కటం ఎవరైనా నేర్చుకుంటారు. తీర్పు మొత్తం చదివి, మనోళ్ళ సాక్ష్యాన్ని ఎందుకు నమ్మలేదని నిలదీయగలిగిన లాయర్నే మేము సమర్థుడంటాం.