గట్టు మీద సిమెంటు

మొన్న శనివారం పొద్దున్నే సైకిలేసుకుని ధవళేశ్వరం నుంచి కడియం వైపు బయల్దేరితే, కాలవ గట్టున కొంత మేర కొత్తగా సిమెంటు రోడ్డు పోసి ఉంది. ఒళ్ళు మండింది. గేర్ల సైకిళ్ళ మీదా, గంటకెన్ని కిలోమీటర్లు తొక్కామో చేతి వాచీలో చూసుకునే వాళ్ళ మీదా నా అభిప్రాయం ఈ కాలమ్ చదివేవాళ్ళకి కంఠతా వచ్చు, మళ్ళీ చెప్పను. మట్టి గట్టు మీద గొయ్యి వస్తే సైకిలు దిగుతాం. దిగితే కాలవలోకి చూస్తాం. సిమెంటు మీద దిగే పనేముంది? వెనకాల మోటారు సైకిలు వాడు హారన్ మోగిస్తుంటే తొక్కుకుంటూ పోవడమే.

మా చిన్న మావయ్య దిగేవాడు. నన్ను ముందు రాడ్డు మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టుకుని, లాకులొస్తే చాలు, సైకిలు చెట్టుకి ఆనించేవాడు. ధాన్యం బస్తాల పడవ కింది కాలవలోంచి వచ్చి రెండు జతల తలుపుల మధ్య నిలబడేది. వెనక తలుపులు మూసి, పైవాటి షట్టర్లు ఎత్తితే ఎర్ర నీళ్ళు సుళ్ళు తిరుగుతూ దూకేవి. గట్టు మీంచి చూస్తే ముందు తెరచాప కొయ్య ఒక్కటే కనపడేది. కాసేపటికి బస్తాలు, బస్తాల పక్కన పొయ్యి, పొయ్యి మీద అన్నం కుండ. అంత బరువునీ నీళ్ళే ఎత్తేవి. లోపలి నీరూ పై కాలవ నీరూ సమానమయ్యేదాకా తలుపు ఏ పహిల్వాను తోసినా కదలదు. సమానమయ్యాక మావయ్య నన్నూ ఓ చెయ్యి వెయ్యమనేవాడు. లాకు తలుపులు తీసే లస్కరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. తలుపు నేనే తీశానని ఇంటికెళ్ళి చెప్పుకునేవాణ్ణి.

లాకు దాటాక గాలి ఉంటే తెరచాప, లేకపోతే మనిషి. తాడు భుజానికేసుకుని, ముందుకి వంగి, ఇదే గట్టు మీద మైళ్ళకి మైళ్ళు పడవని లాక్కెళ్ళేవారు. పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' చదివినవాళ్ళకి రాత్రిపూట పడవ ఎలా సాగేదో నేను చెప్పక్కర్లేదు. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడని మా వైపు చిన్నపిల్లలూ చెబుతారు. ఆయన కాలవలు తవ్వించింది పొలాలకి నీళ్ళివ్వడానికి ఒక్కటే కాదు. సరుకు రవాణాకి రైలు కన్నా పడవే చవకని ఇంగ్లండులో కూడా వాదించిన మనిషి. అంటే ఈ గట్టు అప్పట్లో హైవే. రైళ్ళూ లారీలూ వచ్చి పడవలు పోయాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా జాతీయ జలమార్గమని 2008లో ప్రకటించారు కానీ, మా లాకుల్లో ధాన్యం పడవ నాకింకా కనపడలేదు. తాడు లాగేవాళ్ళకి పని పోబట్టే కదా, నాకీ గట్టు మీద సైకిలు షికారు దొరికింది!

ఈ సంగతి తట్టేసరికి సిమెంటు అయిపోయింది, రాత్రి వానకి నానిన మట్టి మొదలైంది. ఎదురుగా యూనిఫాంలో ఓ అమ్మాయి. బంకమట్టి మడ్గార్డుకీ చక్రానికీ మధ్య కూరుకుపోయి సైకిలు కదలడం లేదు. పుల్లతో గెలుకుతోంది. ఒక చెప్పు చేతిలో ఉంది. నేను వెనక చక్రం ఎత్తి పట్టుకుంటే మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది.

"బడికి టైమైపోయిందా అమ్మా?"

"ప్రేయరు అయిపోయుంటదండీ. మా ఊరిదాకా రోడ్డు ఎప్పుడేస్తారండీ?"

నా టోపీ చూసి ఇంజనీరుననుకున్నట్టుంది. కాదనేలోపే సిమెంటెక్కి తుర్రుమంది. అంత జోరు నా కాళ్ళకెప్పుడూ లేదు. తాడు లాగినవాళ్ళకీ ఈ పిల్లకీ గట్టు అంటే చేరాల్సిన చోటికి దారి. బురదలో దిగి కాలవ చూసే తీరిక నాలాంటి పెన్షనర్లకి ఉంటుంది.

కాబట్టి అయ్యా, మిగిలిన ముక్క కూడా పోసెయ్యండి. వచ్చే వేసవిలో కాలవలు కట్టేసినప్పుడే పోస్తే మళ్ళీ బడులు తెరిచేసరికి గట్టిపడుతుంది. నిద్రగన్నేరు చెట్లు కొట్టకండి, మోటారు సైకిళ్ళకి అడ్డంగా స్పీడు బ్రేకర్లు వెయ్యండి. లాకుల దగ్గర మాత్రం పక్కగా ఓ రెండు బారలు మట్టి వదిలేస్తే, సైకిలు చెట్టుకి ఆనించుకునేవాళ్ళం ఇంకా కొందరం ఉన్నాం.