క్రేను పనికి పెద్ద ఎవరు?

నిర్మాణ స్థలములలో క్రేనుతో బరువులెత్తు పనికి మన దేశమున నిబంధనలే లేవనుట సరికాదు. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టము ననుసరించి 1998లో కేంద్రప్రభుత్వము విపులమైన నిబంధనలను ప్రకటించినది. క్రేనును వాడుకలోనికి తెచ్చుటకు ముందు పరీక్షింపవలెననియు, ఏడాదికొకసారి అర్హుడైన వ్యక్తి తనిఖీ చేయవలెననియు వానిలో ఉన్నది. యంత్రము విషయమున ఇంత శ్రద్ధ చూపిన ఆ నిబంధనలు, మనిషి దగ్గరకు వచ్చుసరికి మాటలతో సరిపెట్టుకొన్నవి. క్రేను నడుపువాడును, సంజ్ఞలు చేయువాడును పదునెనిమిదేండ్లు దాటినవారై, సంపూర్ణముగా సమర్థులై, నమ్మదగినవారై, పనిలోని ప్రమాదముల నెరిగినవారై ఉండవలెనట. సామర్థ్యమును దేనితో కొలువవలెను? ఇక ఆ పనియంతటికి పెద్దగా నిలిచి, “ఎత్తు” అని ఆజ్ఞ ఇచ్చువాడు ఏమి నేర్చియుండవలెనో విడమరచి చెప్పనే లేదు.

ఆ చట్టము 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా స్మృతిలో లీనమైనది. కొత్త కుండలో పాత నీళ్లే పోయకుండవలెనన్న, ఈ లోపము నిప్పుడే పరిశీలించుట మంచిది.

బ్రిటనులో 1998లోనే చేసిన ఎత్తుడు పనుల నిబంధనలలో ఎనిమిదవది మనకంటె ఒక అడుగు ముందున్నది. ప్రతి ఎత్తుడు పనిని సమర్థుడు ముందుగా ఆలోచించి ఏర్పాటు చేయవలెను; తగిన పర్యవేక్షణ ఉండవలెను; పని సురక్షితముగా సాగవలెను అని అది మూడు ముక్కలలో చెప్పినది. అచ్చటి క్రేను ప్రమాణ గ్రంథము ప్రణాళిక వేయువాని పనిని, పర్యవేక్షకుని పనిని, బరువు కట్టువాని పనిని, సంజ్ఞలిచ్చువాని పనిని వేరువేరుగా పంచిపెట్టినది. మెచ్చదగిన విభజనయే. కాని దానిని యథాతథముగా దిగుమతి చేసికొన్న చాలునా? పెద్ద ఆనకట్ట దగ్గర చెల్లవచ్చును. ఒక అద్దె క్రేను, నలుగురు మనుషులు ఉన్నచోట ఈ పాత్రలన్నియు ఒక్క మేస్త్రి నెత్తినే పడును. కావున మనకు కావలసినది పదవుల పట్టిక కాదు, ఆ మేస్త్రికి చదువు.

ఆ చదువు ఎట్టిదో ఆళ్లగడ్డలో చూచిన తేటపడును. శిల్పులకు పేరుపొందిన ఆ ఊరినుండి విగ్రహములు దూరప్రాంతములకు పోవుచుండును. మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు మందము గల ఒక రాతిదిమ్మె ననుకొందము. రాయి నీటికంటె సుమారు 2.7 రెట్లు బరువు. కనుక ఆ దిమ్మె 8.1 టన్నులు తూగును. కంటితో చూచి “అయిదారు టన్నులుండును లే” అనువాడు అక్కడికే రెండు టన్నులు పోగొట్టుకొన్నాడు.

దానికి రెండు బెల్టులు కట్టి ఒక కొక్కెమునకు తగిలింతము. బెల్టులు నేలబారుతో 60 డిగ్రీల కోణము చేసిన, ఒక్కొక్క బెల్టుపై పడు లాగుడు సుమారు 4.7 టన్నులు. 45 డిగ్రీలైన 5.7 టన్నులు. క్రేను చేయి ఎత్తు చాలలేదని బెల్టులను కురుచచేసి 30 డిగ్రీలకు దించితిమా, ఒక్కొక్క బెల్టుపై మొత్తము 8.1 టన్నులు పడును! రాయి పెరుగలేదు, కోణము తగ్గినది, అంతే. అయిదు టన్నుల బెల్టులు రెండున్నవి గనుక పది టన్నులెత్తవచ్చునను లెక్క ఇచ్చటనే తప్పిపోవుచున్నది.

చెక్కిన విగ్రహమునకు మరొక చిక్కు. పీఠమువైపు రాయి దట్టముగా, తలవైపు పలుచగా ఉండుటచే గురుత్వకేంద్రము నడుమ ఉండదు. కొక్కెము దానికి సరిగా పైన నిలువనిచో రాయి నేలవిడిచిన క్షణమున ఊగును. అందుచే నేర్పరియైన పర్యవేక్షకుడు నేలనుండి జానెడు లేపి ఆపి, చూచి, పిమ్మట పైకెత్తించును.

క్రేను మన ఏతమునకు చుట్టమే. “పన్నెండు టన్నుల క్రేను” అన్నచో అది తన చేయి ముడుచుకొని బరువును దగ్గరగా పట్టుకొన్నప్పటి మాట. 8.1 టన్నుల రాయి ఇరుసునుండి రెండు మీటర్ల దూరమున 16.2 టన్ను-మీటర్ల భ్రామకమును, నాలుగు మీటర్ల దూరమున దానికి రెట్టింపును కలిగించును. ఏ దూరమున ఎంత ఎత్తవచ్చునో తెలుపు పట్టిక యంత్రముతోపాటే వచ్చును. సాధారణముగా అది ఆంగ్లములో ఉండును. నడుమ విరిగి మలుపు తిరుగు రకములో, మన వారు హైడ్రా అని పిలుచు బండిలో, మలుపు తిరిగినప్పుడు ఎత్తగల శక్తి ఇంకను తగ్గును. బరువును చేతితో పట్టుకొని బండి ముందు నడచువాని సంగతి చెప్పనక్కరలేదు.

నంద్యాల చుట్టుపట్ల నేల మాట వేరే చెప్పవలెను. అది నల్లరేగడి. ఎండకు పగుళ్లువారును, వానకు ఉబ్బి మెత్తబడును. పట్టికలోని అంకెలన్నియు గట్టి సమతల భూమిని ఊహించి వేసినవి. జాకీకాలిపై పది టన్నుల బరువు పడి, దాని పాదము 30 సెంటీమీటర్ల చదరమైనచో, చదరపు మీటరునకు 111 టన్నుల పీడనము. క్రింద మీటరు చదరపు గట్టి దుంగల పరుపు వేసిన అది పది టన్నులకు దిగును. తడిసిన రేగడికి ఈ రెంటి భేదము ప్రాణముల భేదము.

2020 ఆగస్టు 1న విశాఖపట్టణము హిందూస్థాన్ షిప్‌యార్డులో ఒక పెద్ద క్రేనును బరువుతో పరీక్షించుచుండగా అది కూలి 11 మంది మరణించిరి. ఆ ప్రమాద కారణముల చర్చ ఇచ్చట ప్రస్తుతము కాదు. పరీక్షయు ఒక ఎత్తుడు పనియే. యంత్రము పడగల మేరలో ఎవరుండవలెను, ఎవరుండరాదు అన్నది కొక్కెము కదలుటకు ముందే తేలవలెను.

శిక్షణ యనగా చేతిసంజ్ఞల బొమ్మలు చూపి, ఒక పూట ఉపన్యసించి, సంతకము చేయించుకొనుట యను అభిప్రాయము తగదు. సంజ్ఞలు అవసరమే గాని, అవి ఆజ్ఞను చేరవేయునే గాని ఆజ్ఞ తప్పో ఒప్పో చెప్పవు. పైన చేసిన లెక్కలలో ఉన్నతపాఠశాల విద్యార్థికి అందనిది లేదు: సాంద్రత, పీడనము, గురుత్వకేంద్రము, బలముల విభజన. ఉపాధ్యాయులు తూనికరాళ్లు, రెండు స్ప్రింగు త్రాసులు, కొంత దారము తెచ్చి కోణము తగ్గించుచు త్రాసుల ముల్లును చూపిన, పావుగంట చాలును. అదే ప్రయోగమును మేస్త్రికి ఏ శిక్షణలోనైనను చూపకపోవుట వింతగా లేదా?

లెక్క వచ్చిన పిమ్మట ఒకటి మిగులును. క్రేను అద్దె గంటల లెక్కన నడచుచుండును, యజమాని తొందరపడుచుండును, గాలి లేచును. అప్పుడు “ఇప్పుడెత్తరాదు” అన్న మేస్త్రికి ఆ పూట కూలి పోదని కాగితముమీద వ్రాసి ఇచ్చువారెవరు?