తీగలు దిగాయి, చెయ్యి దిగలేదు

పదకొండేళ్లుగా వాయిస్తున్న గిటార్‌ని మొన్న మొదటిసారి సెటప్‌కి ఇచ్చాను. బాగుచేసే కుర్రాడు పన్నెండో ఫ్రెట్ దగ్గర చిన్న స్టీలు స్కేలు ఆనించి చూసి, "ఇన్నాళ్లూ దీన్ని ఎలా వాయించారు సార్?" అన్నాడు. లావు తీగ మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తున ఉందట. అకౌస్టిక్ గిటార్‌కి అక్కడ రెండున్నరకి కాస్త అటూ ఇటూ ఉంటే చాలు. అతను అడిగినదాన్ని నేను మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాను.

ట్రస్ రాడ్ తిప్పి మెడ వంపు సరిచేశాడు. తర్వాత తీగల కింది కొస ఆనే శాడిల్ పీకి, దాని అడుగును ఉప్పుకాగితం మీద రుద్దాడు. పన్నెండో ఫ్రెట్ తీగకి నడిమధ్యన ఉంటుంది కాబట్టి, అక్కడ అర మిల్లీమీటరు దిగాలంటే ఇక్కడ ఒక మిల్లీమీటరు అరగాలని లెక్క చెప్పాడు.

ఇంటికొచ్చి వాయిస్తే ఏ తీగ మీటినా బర్రుమంది. పని చెడగొట్టాడని మర్నాడే పట్టుకెళ్లాను. అతను తీసుకుని నాలుగు కార్డులు వాయించాడు. ఎక్కడా బర్రు లేదు. "తీగలు దిగాయి సార్, మీ చెయ్యి ఇంకా దిగలేదు" అన్నాడు.

ఆ రాత్రి ట్యూనర్ పెట్టుకుని ఎఫ్ కార్డు పట్టాను. ఒక్కో తీగ మీటుతుంటే ముల్లు గీత దాటి కుడికి ఒరుగుతోంది. అవసరానికి మించి నొక్కితే తీగ సాగి శ్రుతి పైకి పోతుంది. బొటనవేలి బిగువు మెల్లగా సడలించాను. ముల్లు మధ్యకొచ్చి నిలబడింది. ఇన్నేళ్లూ నేను పట్టు అనుకున్నది ఆ బిగువునేనన్నమాట.

ఇప్పుడు రోజూ పది నిమిషాలు ఒకటే సాధన. వేలు తీగ మీద ఊరికే ఆనించి మీటితే 'టక్' అని మూగ చప్పుడు. కొంచెం బరువు పెడితే బర్రు. ఇంకొంచెం పెడితే స్వరం తేటగా పలుకుతుంది. అక్కడ ఆగాలి. ఆ ఆగడమే చేతకావడం లేదు. కుడిచేతిదీ అదే కథ: బాదడం అలవాటై, మీటడం మరిచింది.

అయిదేళ్ల కిందట మా మేనకోడలు ఈ గిటార్ మీదే నేర్చుకోవడానికి వచ్చింది. వేలికొసలు కందిపోయి "నొప్పిగా ఉంది మామయ్యా" అంటే, "కాయలు కాస్తేనే విద్య వచ్చేది" అన్నాను. రెండు నెలలకు మానేసింది. ఓపిక లేని పిల్ల అని నలుగురి ముందూ అన్నాను కూడా. కొత్తలో వేళ్లు నొప్పెట్టడం ఎవరికైనా తప్పదు. కానీ ఆ నొప్పిలో విద్య వాటా ఎంత, అదనంగా ఉన్న ఆ ఒక్క మిల్లీమీటరు వాటా ఎంత అని నేను ఒక్కనాడూ చూడలేదు. చూడ్డానికి కావలసింది పిల్లల కంపాస్ బాక్సులో ఉండే స్కేలు.

వానాకాలం వస్తే చెక్క తేమ పీల్చి పైపలక ఉబ్బుతుందనీ, తీగలు మళ్లీ కాస్త లేస్తాయనీ ఆ కుర్రాడు ముందే చెప్పాడు. అందుకే ఈ ఆదివారమే గిటార్ తీసుకుని అక్క వాళ్లింటికి వెళ్తున్నాను.