ఒకే పలక మీద అనేక రంగులు

దేశం దాటిన కళాకారుడు తన నేలకు దూరమవుతాడన్న అభిప్రాయం మనలో బలంగానే ఉంది. ముద్రణ చిత్రకారుడు కృష్ణారెడ్డి (1925–2018) కృషి దాన్ని ప్రశ్నిస్తుంది. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన ఆయన శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద, లండన్‌లో హెన్రీ మూర్ వద్ద చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన ‘అటెలియే 17’లో చేరారు.

అక్కడ ఆయన అలవరచుకున్నది పరాయి రూపాల అనుకరణ కాదు, ఉమ్మడి శ్రమ. కైకో మోతీతో కలిసి అభివృద్ధి చేసిన పద్ధతిలో లోహపు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. మెత్తని రోలరు లోతుకు, గట్టి రోలరు పైభాగానికి సిరా పూస్తాయి. నూనె పాళ్లు వేరు కనుక సిరాలు కలిసిపోవు. ఒక్క అద్దకంతో రంగులన్నీ కాగితమెక్కుతాయి.

1968లో పారిస్ విద్యార్థుల తిరుగుబాటు ఆయన చేత ‘డిమాన్‌స్ట్రేటర్స్’ చేయించింది. విమర్శకుడు ఆగి చూడవలసింది ఇక్కడే. 1963 నాటి ‘వర్ల్‌పూల్’లో నీటి సుడిలో చూసిన శక్తినే ఆయన జనంలోనూ చూశారు. జనబలం కనిపిస్తుంది. అది ఎవరిపై తిరగబడిందో కనిపించదు. చరిత్ర ప్రకృతిగా మారిపోయింది.

ఈ పరిమితి ప్రయాణాల వల్ల వచ్చింది కాదు. భవానీపురం పొలిమేర దాటని కవి కూడా ఊరేగింపును ఉప్పెనతో పోల్చి తృప్తిపడితే అదే పరిమితిలో ఉంటాడు. ఉప్పెనకు డిమాండ్లుండవు, ఊరేగింపుకు ఉంటాయి.