శనివారం సెలవు, నెమలిగుండం దారి

గుంటూరు మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు. నల్లమలలో నెమలిగుండం రంగనాయకస్వామి గుడి తలుపులు తీసేదేమో శనివారం ఒక్కరోజే. ఎవరూ కూడబలుక్కుని పెట్టింది కాదుగానీ, కమీషన్ కొట్టు గుమాస్తాకు ఇంతకన్నా బాగా కుదిరే ముహూర్తం లేదు.

వారమంతా అతని పని ఘాటులోనే. టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పి, గుప్పెడు కాయ తీసి ఆడిస్తాడు. గలగలమంటే ఆరినట్టు, మెత్తగా అణిగితే చెమ్మ ఉన్నట్టు. తొడిమ తుంచి, కాయ చీల్చి గింజ రంగు చూస్తాడు. తేజా రకమేనా, తాలు కాయ ఎంత కలిసింది, అంతా వేళ్లతోనే తేలాలి. సాయంత్రం ఆ వేళ్లతో పొరపాటున కన్ను నలుపుకుంటే ఆ రాత్రి జాగారమే. కొత్తగా చేరినవాడు రోజంతా తుమ్ముతాడు, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు తుమ్మడు. అది ముక్కు గట్టిదనమో, మొద్దుబారిందో ఆలోచించే తీరిక యార్డులో ఎవరికీ లేదు.

సీజన్ ఊపు మీదుండే వేసవి ముఖంలో అడవికి వెళ్లి లాభం లేదు. నల్లమల ఆకురాల్చే అడవి. ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లు దాటి వాన పడే కర్ణాటక ఆగుంబెలా ఎప్పుడూ తడిసి ఉండే అడవి కాదు. ఇక్కడ మార్చికల్లా కొమ్మలు బోడి, నేల మీద ఎండుటాకులు, ఏ మూలో పొగ. అదే అడవి వానలు పడ్డాక, పొలంలో మిరప పూత మీద ఉండే అక్టోబరు, నవంబరుల్లో, రెండు నెలలపాటు వానల అడవి వేషం కడుతుంది. కార్తీకం కూడా అప్పుడే.

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు ఎక్కితే నరసరావుపేట, వినుకొండ దాకా కిటికీలో నల్లరేగడి, పత్తి, మిరప. మార్కాపురం రోడ్డు, కంభం దాటి గిద్దలూరులో దిగాలి. అక్కడి నుంచి రాచర్ల మీదుగా జె.పి. చెరువు. ఆపైన అడవి దారి. అది పులులు తిరిగే అడవి, ఒంటరిగా నడవడం తెలివితక్కువ. గుంపుతో కలిసి నడవాలి, పొద్దుగూకకముందే బయటపడాలి. చాలామంది బండి మీదే గుడి దాకా పోతారు. దర్శనమవుతుందిగానీ అడవి మాత్రం దక్కదు.

మన గుమాస్తా నడిచాడు. మొదటి అరగంట ఫోను తీస్తూ పెడుతూ సాగింది. సిగ్నల్ పోయాక చేతులకు పని లేకుండా పోయింది. దారి పక్కన నల్లమద్ది మాను, మొసలి వీపులా పలకలు తేలిన బెరడు. దాని మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. వారమంతా మండిన వేళ్లకు బెరడు సందుల్లో రాత్రి వాన తడి ఇంకా చల్లగా తగిలింది. కాసేపటికి పులిహోర పొట్లం విప్పాడు. అందులో ఎండుమిరపకాయ కనబడితే అలవాటుగా రకం చెప్పబోయి, నోరు మూసుకుని తిన్నాడు.

జపాన్ అటవీ శాఖ 1982లో ఇలాంటి నడకకు షిన్రిన్‌-యోకు, అంటే అడవి స్నానం, అని పేరుపెట్టి ప్రచారం చేసింది. తరవాత అక్కడి వైద్యులు దాని మీద పరిశోధనలూ చేశారు. మనవాళ్లకు ఆ పేరు అక్కర్లేకపోయింది. ఊరికే అడవిలో నడిచొస్తానంటే ఇంట్లో వింతగా చూస్తారు. గుడికెళ్లొస్తానంటే పులిహోర కట్టిస్తారు. నిజానికి ఈ సాకు చాలా పాతది. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. మైదానపు జనం కొండెక్కడానికే కదా ఆ మెట్లు!

నెమలిగుండం దగ్గర గుండ్లకమ్మ కొండల మధ్య నుంచి దూకి గుండంలో పడుతుంది. మయూర మహర్షి నెమలి రూపంలో ముక్కుతో ఈ గుండం తవ్వాడని స్థలపురాణం. గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టే ఈ ఏరే కింద కంభం చెరువు నింపి, అద్దంకి పక్కనుంచి పారి, మల్లవరం రిజర్వాయరులో ఆగి, ఒంగోలు దాపున సముద్రంలో కలుస్తుంది. పొలాల్లో దాని పేరు చెబితే ఈ ఏడు నీళ్లొస్తాయా అన్నదొక్కటే ప్రశ్న. ఇక్కడ మాత్రం ఎవరూ లెక్క అడగరు. గుమాస్తా రాతి మీద కూర్చుని, చెప్పులు విప్పి, కాళ్లు నీళ్లలో వేశాడు. పక్కనే ఎవరో స్పీకరు పెట్టి సినిమా పాట మోగించారు, అదొక్కటే తీరని బాధ.

సోమవారం పొద్దున కొట్టులో మొదటి టిక్కీ మూతి విప్పాడు. తుమ్మాడు. ఒకటి, రెండు, మూడు. పక్కనున్న కుర్రాడు నవ్వాపుకోలేక, "ఏం బాబాయ్, కొత్తగా చేరావా?" అన్నాడు.